పరదేశాల్లో గడించి స్వదేశంలో బడులు కట్టించిన గ్రీకు దాతలు: ఆ విరాళాలు ఇన్నేళ్ళు ఎలా నిలిచాయి?

ప్రశ్న: పాకాల ఉపాధ్యాయుడు

అందరికీ నమస్కారం. మాది పాకాల దగ్గర ఒక పల్లె. మా ఉన్నత పాఠశాలలో చదువుకొని కువైట్ వెళ్ళి, అక్కడ చాలాకాలం ఒకరి కింద పనిచేసి, ఇప్పుడు సొంత వ్యాపారం చేసుకొంటున్న పూర్వ విద్యార్థి ఒకరు, ఊళ్ళో ఒక గ్రంథాలయమూ, దానికి ఆనుకొని పిల్లలు సాయంత్రం పూట కూర్చొని చదువుకోవడానికి ఒక హాలూ కట్టించి ఇస్తానని ముందుకు వచ్చారు. ఖర్చుకు వెనుకాడనని మాట కూడా ఇచ్చారు. పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శిని కాబట్టి ఆ విరాళానికి విధివిధానాలు రాసే బాధ్యత నా మీద పడింది. ఊరంతా సంతోషంగా ఉంది. నాకూ సంతోషమే, కాని మనసులో ఒక బెరుకు పట్టుకొంది.

మన ప్రాంతంలోనే ఒక బడిలో దాత కట్టించిన గ్రంథాలయ గదిని ఈమధ్య చూశాను. గోడకు నల్లరాతి ఫలకం, దాని మీద దాత తల్లిదండ్రుల పేర్లు చక్కగా చెక్కి ఉన్నాయి. లోపల ఇనుప బీరువాలు ఉన్నాయి గాని కొన్నింటి తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయో చెప్పగలవారు లేరు. తెరిచి ఉన్న బీరువాలో పుస్తకాలు కొన్ననాటి అట్టపెట్టెల్లోనే, కట్టిన తాడైనా విప్పకుండా ఉన్నాయి. అడుగున ఉన్న పెట్టెను చెదలు పట్టి, పైకెత్తితే మట్టి రాలింది. కరెంటు బిల్లు బడి కట్టాలా పంచాయతీ కట్టాలా అన్నది ఏనాడూ తేలకపోవడంతో అక్కడ దీపం వెలగడమే మానేసింది. ఆ దాత మంచి మనసుతోనే ఇచ్చారు, ఇచ్చిన సొమ్మూ చిన్నది కాదు.

ఈ దిగులులో ఉండగా ఏథెన్స్ నగరం గురించి చదవడం తటస్థించింది. అక్కడి అకాడమీ భవనం, జాతీయ గ్రంథాలయం, సాంకేతిక విశ్వవిద్యాలయం, 1896లో తొలి ఆధునిక ఒలింపిక్స్ జరిగిన పాలరాతి స్టేడియం, ఇవన్నీ చాలావరకు ఇతర దేశాల్లో వ్యాపారం చేసి గడించిన గ్రీకు వర్తకుల విరాళాలతోనే లేచాయని తెలిసి ఆశ్చర్యపోయాను. ఆ వర్తకులు ముఖ్యంగా బడుల మీద, విద్యాసంస్థల మీద ఎందుకు అంతగా ఖర్చు పెట్టారు? వాటిలో నూరేళ్ళు దాటినా పనిచేస్తున్నవి ఏ ఏర్పాటు వల్ల పనిచేస్తున్నాయి? చెడినవి ఎందుకు చెడ్డాయి? తెలిసినవారు వివరంగా చెబితే మా ఊరి కాగితాలు రాసేటప్పుడు నాకు ఎంతో ఉపకరిస్తుంది.

జవాబు: చరిత్ర అధ్యాపకురాలు, తిరుపతి

నమస్కారం మాస్టారూ. మీ మొదటి ప్రశ్నకు జవాబు గ్రీసు స్వతంత్రం కావడానికి ముందే మొదలవుతుంది. గ్రీకులు ఒట్టోమన్ సుల్తానుల ఏలుబడిలో ఉన్న రోజుల్లో వారి పిల్లల చదువు చూడడానికి ప్రభుత్వమంటూ లేదు. చర్చి, ఊరి సంఘం, డబ్బున్న వర్తకులు, వీరే బడి పెట్టాలి, వీరే పంతులుకు జీతం ఇవ్వాలి. అందులోనూ ఎపైరస్ అనే వాయవ్య ప్రాంతం కొండల మయం, సేద్యం అంతంత మాత్రం. అక్కడి మగవారు బతుకుతెరువు వెతుక్కొంటూ కాన్‌స్టాంటినోపుల్, బుకారెస్ట్, మాస్కో, వియన్నా, అలెగ్జాండ్రియా దాకా వెళ్ళారు. మన రాయలసీమ పల్లెల నుంచి కువైట్‌కూ బెంగళూరుకూ వెళ్ళినవారి కథ మనకు తెలుసు కాబట్టి ఆ వలస ఎలాంటిదో ఊహించడం కష్టం కాదు. భాష రాని చోట లెక్కలు, ఉత్తరాలు, సరుకు పత్రాలు రాసుకొని పైకి వచ్చిన ఆ మనుషులకు చదువు విలువ ఏమిటో ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

ఎపైరస్‌లోని యనినా పట్టణ ప్రాంతానికి చెందిన జోసిమాస్ సోదరులు ఇందుకు మంచి ఉదాహరణ. ఇటలీలోని లివోర్నోలోనూ మాస్కోలోనూ వర్తకం చేసిన ఈ అన్నదమ్ములు, పారిస్‌లో ఉంటున్న అడమాంటియోస్ కొరాయిస్ అనే పండితుడు ప్రాచీన గ్రీకు గ్రంథాలను పరిష్కరించి 1805 నుంచి వరుసగా అచ్చు వేయిస్తుంటే ఆ ఖర్చు భరించారు. వారి ధనంతోనే 1828లో యనినాలో జోసిమాయా పాఠశాల తెరుచుకొంది. ఆ పట్టణం 1913 దాకా గ్రీసులో కలవలేదన్న సంగతి గుర్తుంచుకోవాలి. అంటే, దేశం రావడానికి ఎనభై ఏళ్ళకు పైగా ముందే అక్కడికి దాని బడి వచ్చింది.

1830 తరువాత స్వతంత్ర రాజ్యం ఏర్పడ్డా ఖజానా ఖాళీగానే ఉండడంతో, ఈ అలవాటే కొత్త రాజధానికి తరలివచ్చింది. వియన్నాలో పెద్ద బ్యాంకరైన గియోర్గియోస్ సినాస్ 1842లో ఏథెన్స్ నక్షత్రశాలకు పునాది వేయించాడు. ఆయన కొడుకు సిమోన్ అకాడమీ భవనానికి డబ్బిచ్చాడు. లండన్‌లో ధాన్యం, ఓడల వ్యాపారం చేసిన సెఫలోనియా ద్వీపవాసి పనాగిస్ వల్లియానోస్ జాతీయ గ్రంథాలయానికి ఇచ్చాడు. రష్యాలోని ఆస్ట్రఖాన్‌లో చేపగుడ్ల వ్యాపారంతో కోట్లు గడించిన ఇయోనిస్ వర్వాకిస్ పేరిట వర్వాకియోన్ పాఠశాల వెలిసింది. ప్రాచీన శిల్పి ఫీడియస్ చెక్కిన ఎథీనా దేవి మహావిగ్రహానికి రోమన్ల కాలంలో చేసిన చిన్న నకలు 1880లో ఆ బడి దగ్గరే దొరకడంతో, దాన్ని నేటికీ వర్వాకియోన్ ఎథీనా అనే అంటారు.

ఎపైరస్ కొండల్లో మెత్సోవో అనే చిన్న ఊరుంది. మిఖాయిల్ టొసిట్సాస్, ఆయన మేనల్లుడు నికోలావోస్ స్టూర్నారిస్, ఆ తరువాతి తరంలో గియోర్గియోస్ అవెరోఫ్, ముగ్గురూ ఆ ఊరివారే, ముగ్గురూ ఈజిప్టులో వ్యాపారం చేసి ఎదిగినవారే. ఏథెన్స్ సాంకేతిక విశ్వవిద్యాలయ భవనాలు ఈ ముగ్గురి ధనంతోనూ, టొసిట్సాస్ భార్య ఎలేనీ ఇచ్చిన ధనంతోనూ లేచాయి. పక్కనే ఉన్న జాతీయ పురావస్తు మ్యూజియానికి స్థలం ఇచ్చిందీ ఆమే. నాకు ఎంతో నచ్చిన విషయమేమిటంటే, ఆ విశ్వవిద్యాలయం అధికారిక నామంలో ఉన్నది ఏ దాత పేరూ కాదు, వారు పుట్టిన మెత్సోవో పేరు. అక్కడ చదివే ప్రతి విద్యార్థి పట్టాలోనూ ఆ కొండ ఊరు ఉంటుంది.

ఇక మీ రెండో ప్రశ్న. ఇందులో పాఠం చెప్పగల సంస్థ ఆర్సాకియోన్. ఆడపిల్లలకు ప్రాథమిక విద్యకు మించి చదువు చెప్పించే ఏర్పాటు ప్రభుత్వం చేయలేకపోతున్నదని గ్రహించిన కొందరు విద్యావేత్తలు 1836లో ఒక విద్యాసంఘం స్థాపించారు. ఆడపిల్లల బడి నడపడం, ఉపాధ్యాయినులను తయారుచేయడం దాని పని. సంఘం ముందు పుట్టింది, పని మొదలైంది, దాత తరువాత వచ్చాడు. బుకారెస్ట్‌లో స్థిరపడిన వైద్యుడూ రాజకీయవేత్తా అయిన అపోస్తొలోస్ అర్సాకిస్, ఏథెన్స్ నడిబొడ్డున కడుతున్న ఆ బడి భవనం డబ్బు చాలక ఆగిపోతే పూర్తి చేయించాడు. అందుకే దానికి ఆయన పేరు వచ్చింది. అక్కడ చదివిన ఉపాధ్యాయినులు గ్రీసు పల్లెల్లోనే కాక ఒట్టోమన్ ఏలుబడిలో మిగిలిపోయిన గ్రీకు ఊళ్ళకూ వెళ్ళి బడులు నడిపారు. ఈనాడు ఆ పాత భవనంలో దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఉంది, కాని సంఘం చెక్కుచెదరలేదు. ఏథెన్స్ శివార్లలో, పాట్రాస్‌లో, థెస్సలొనీకిలో, యనినాలో ఆర్సాకియోన్ బడులు నడుస్తూనే ఉన్నాయి. భవనం మారినా బడి బతికింది. ఎందుకంటే అర్సాకిస్ ఇచ్చిన సొమ్ము అప్పటికే పని చేస్తున్న చేతుల్లో పడింది.

దీనికి పక్కన అకాడమీ భవనాన్ని పెట్టి చూడండి. 1859లో శంకుస్థాపన జరిగింది, థియోఫిల్ హాన్సెన్ అనే డేనిష్ వాస్తుశిల్పి గీసిన నమూనా ప్రకారం 1885 నాటికి పూర్తయింది. యూరప్‌లోని అందమైన భవనాల్లో అది ఒకటి. కాని అకాడమీ అనే సంస్థ ఏర్పడింది 1926లో! నలభై ఏళ్ళ పాటు ఆ మహాభవనం తన కోసం కట్టిన విద్వత్సభ లేకుండానే నిలబడి, నాణేల మ్యూజియానికీ మరొకదానికీ చోటిచ్చింది. మీరు చూసిన గదికీ దీనికీ మధ్య తేడా పాలరాయిలోనే ఉంది.

పాకాల ఉపాధ్యాయుడు:

మేడమ్ గారూ, ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. సంఘం ముందు, భవనం తరువాత అన్న మాట దగ్గర ఆగిపోయాను. మా ఊళ్ళో అందరూ ముందు పునాది రాయి గురించే మాట్లాడుతున్నారు. దాత గారి మాట కాదనకుండా ఈ క్రమాన్ని మార్చడం ఎలాగో ఆలోచించాలి.

జవాబు: గిరింపేట వాసి, చిత్తూరు

అధ్యాపకురాలు గారు చెప్పిన ప్రతి విషయమూ నిజమే. అయితే రెండో వైపు చూడకుండా ఆ దాతలను పూజించడం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం. ఏథెన్స్‌ను సముద్రంతో కలిపే ప్రధాన రహదారి ఆండ్రియాస్ సింగ్రోస్ పేరు మీద ఉంది. ఆయన కాన్‌స్టాంటినోపుల్‌లో బ్యాంకరుగా ఎదిగి ఏథెన్స్ చేరాడు; ఒలింపియాలోని మ్యూజియం, చర్మవ్యాధుల ఆసుపత్రి ఆయన ధనంతో వెలసినవే. అదే మనిషి 1873లో ఏథెన్స్ దగ్గరి లావ్రియో గనులను కొన్న కంపెనీ వెనుక ఉన్నాడు. ఆ గనుల పాత మట్టికుప్పల్లో అంతులేని సంపద ఉందన్న ప్రచారం నమ్మి సామాన్యులు తమ పొదుపంతా పెట్టి వాటాలు కొన్నారు. ధర ఆకాశానికి ఎగిరి నేలకూలింది, వేలమంది మునిగిపోయారు. మునిగినవారి పిల్లలకు మ్యూజియం చూపిస్తే కడుపు నిండుతుందా?

స్టేడియం సంగతీ అంతే. 1893 డిసెంబరులో గ్రీసు తన అప్పులు తీర్చలేక దివాలా ప్రకటించింది. ఆ తరువాత మూడేళ్ళయినా గడవక ముందే, అవెరోఫ్ ఇచ్చిన తొమ్మిది లక్షల ద్రాక్మాల పైచిలుకు సొమ్ముతో పెంటెలీ కొండ పాలరాయి తెచ్చి ఆటల మైదానానికి తొడిగారు. ఆయన వీలునామాలోని సొమ్ము ఒక యుద్ధనౌక కొనడానికీ ఉపయోగపడింది. ఆ డబ్బు ఆయనది, ఇష్టం ఆయనది, నిజమే. కాని ఒక దేశానికి ఏది ముందు కావాలో ఒక వర్తకుడి ఇష్టం నిర్ణయించడం న్యాయమా అన్నది నా ప్రశ్న. ఈ కాలానికి వస్తే, ఓడల యజమానుల ఆదాయానికి గ్రీసు రాజ్యాంగమే 107వ అధికరణంలో ప్రత్యేక రక్షణ ఇస్తోంది. పన్నుగా రావలసినది తగ్గి, దానంగా వచ్చేది పెరిగితే, జనం హక్కుగా అడగవలసిన దాన్ని చేతులు జోడించి తీసుకోవలసి వస్తుంది. మన దగ్గర కూడా జయపురం మహారాజు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన గొప్పతనాన్ని చెప్పుకొనేటప్పుడు, ఆ లక్ష ఏ రైతుల శిస్తులోంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి.

మాస్టారు అడిగిన మూడో ప్రశ్నకు మాత్రం సూటిగా ఒక ఉదాహరణ ఇస్తాను. రొమేనియాలో భూములతో అపారంగా గడించిన ఎవాంగెలిస్ జప్పాస్ ఏథెన్స్‌లో 1859లో ఒలింపిక్ ఆటలు జరిపించాడు, 1865లో చనిపోతూ తన ఆస్తిని ఆటల పునరుద్ధరణకూ, ఒక ప్రదర్శన భవనానికీ రాసిపెట్టాడు. ఆయన పినతండ్రి బిడ్డ కొన్‌స్టాంటినోస్ జప్పాస్ బతికున్నంత కాలం ఆస్తిని చూసుకొన్నాడు. 1888లో జప్పియోన్ భవనం ప్రారంభమైంది. 1892లో ఆయన కూడా పోయాక, రొమేనియా గడ్డ మీద ఉన్న భూములు గ్రీసు వారికి ఎలా చెందుతాయని రొమేనియా ప్రభుత్వం అడ్డుపడింది. తగాదా ముదిరి రెండు దేశాలూ దౌత్య సంబంధాలు తెంచుకొన్నాయి. ఆస్తి ఒక దేశంలో, సంస్థ మరో దేశంలో, చూసుకొనేవాడు ఒక్కడే: ఇలా ఉంటే ఆ ఒక్కడు కన్నుమూసిన రోజే చిక్కు మొదలవుతుంది. కువైట్‌లో ఉన్న దాత గారి విషయంలో దీన్ని మరచిపోకండి.

జవాబు: శాసనాల అభిమాని, తిరుచానూరు

గిరింపేట మిత్రులు లేవనెత్తిన ప్రశ్న గట్టిది. దాని నుంచి తప్పించుకోవలసిన పని లేదు. ఇచ్చిన చేయి ఎలాంటిదన్న విచారణతో పాటు, ఇచ్చిన సొమ్ము ఎవరి అజమాయిషీలో ఉందన్న విచారణ కూడా చేయాలని మాత్రం కలుపుతాను. ఈ రెండో దాంట్లో మన తిరుమల శాసనాలు ప్రపంచంలో ఎవరికీ తీసిపోని పాఠం చెబుతాయి.

పల్లవ రాణి సామవై భోగ శ్రీనివాసుని వెండి విగ్రహం సమర్పించిన నాటి నుంచి విజయనగర ప్రభువుల దాకా, తిరుమల గోడల మీద వందల దాన శాసనాలు ఉన్నాయి. సాళువ, తుళువ రాజుల కాలపు శాసనాల్లో తరచుగా కనిపించే పద్ధతి ఇది. దాత కొంత సొమ్ము శ్రీభండారంలో, అంటే ఆలయ ఖజానాలో, కట్టేవాడు. ఆ సొమ్మును ఆలయాధికారులు ఖర్చు చేసేసేవారు కారు. దేవుడి మాన్యం ఊళ్ళలో చెరువులు పూడిక తీయించడానికీ కాలువలు తవ్వించడానికీ పెట్టేవారు. నీరు పారితే పంట పెరుగుతుంది, పెరిగిన పంటలోంచి ఆ దాత పేరిట నిత్యం జరగవలసిన నైవేద్యానికి బియ్యం, నెయ్యి, పెసరపప్పు కొలిచి ఇచ్చేవారు. ఏ రోజు ఎన్ని కుంచాలు, ప్రసాదంలో దాత వంతుగా రావలసిన నాలుగో భాగం ఎవరికి చేరాలి, అన్నీ రాతి మీద చెక్కించేవారు. ఆ వంతును చాలామంది తాము తినకుండా యాత్రికులకు అన్నం పెట్టే రామానుజకూటాలకు రాసి ఇచ్చారు. ఈ ఏర్పాటు ఆచంద్రార్కం సాగాలని శాసనం ముగుస్తుంది. ఒక్క దానంతో కరువు ప్రాంతంలోని రైతుకు నీరు, దేవుడికి నైవేద్యం, బాటసారికి భోజనం కుదిరాయి.

మన రాగి శాసనాల చివర తరచుగా వచ్చే శ్లోకం ఒకటుంది: “దానపాలనయోర్మధ్యే దానాచ్ఛ్రేయోఽనుపాలనమ్.” దానం చేయడం, చేసిన దానాన్ని కాపాడడం, ఈ రెండింటిలో కాపాడడమే గొప్పదని దాని భావం. రాజులు మారతారని తెలిసినవారు రాయించిన మాట అది.

గ్రీకుల్లో ఈ సూక్ష్మం పట్టుకొన్నవారు లేకపోలేదు. ఓడల వ్యాపారి అరిస్టాటిల్ ఒనాసిస్ కొడుకు అలెగ్జాండర్ 1973లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. రెండేళ్ళకు తండ్రీ కన్నుమూశాడు. తన ఆస్తిలో పెద్ద భాగంతో కొడుకు పేరిట సంస్థ పెట్టాలని వీలునామా రాశాడు. దాన్ని రెండు విభాగాలుగా అమర్చారు: ఒకటి ఓడలు, ఆస్తులు నడిపి లాభం తెస్తుంది, రెండోది ఆ లాభంలోంచి తనకు వచ్చే వాటాతో ఉపకార వేతనాలు, కళాకేంద్రం వంటివి నడుపుతుంది. ఏథెన్స్‌లో గుండె శస్త్రచికిత్సల ఆసుపత్రి కట్టి 1992లో ప్రభుత్వానికి అప్పగించింది ఈ సంస్థే. అసలు కదలకుండా ఫలం ఖర్చు కావడం అన్న సూత్రం తిరుమల కాలువల్లో ఉన్నదే.

మరో గ్రీకు ఓడల వ్యాపారి స్టావ్రోస్ నియార్కోస్ పేరిట ఉన్న సంస్థ చేసినది ఇంకొక రకం. రెంజో పియానో రూపకల్పనలో ఏథెన్స్ సముద్రతీరాన జాతీయ గ్రంథాలయానికీ జాతీయ ఆపెరాకూ కలిపి, 60 కోట్ల యూరోలకు పైబడిన ఖర్చుతో ఒక ప్రాంగణం కట్టి, 2017లో ప్రభుత్వానికి ఇచ్చింది. అయితే కట్టడానికి ముందే, 2009లో, దాని నిర్వహణ బాధ్యత ఎవరిదో ఒప్పందం రాసుకొని పార్లమెంటు చేత ఆమోదింపజేసుకొన్నారు. వల్లియానోస్ కట్టించిన పాత భవనంలోంచి పుస్తకాలు ఇక్కడికే తరలివచ్చాయి. ఆ ఒప్పందం కుదిరిన కొద్ది నెలలకే గ్రీసు ఘోరమైన ఆర్థిక సంక్షోభంలో పడింది. ముందు రాసుకొన్న కాగితం లేకుంటే ఆ నిర్మాణం ఏమై ఉండేదో ఆలోచించండి.

ఒక భేదం కూడా చెప్పాలి. తిరుపతిలో 1945లో శ్రీ వేంకటేశ్వర కళాశాల, 1954లో విశ్వవిద్యాలయం వచ్చాయంటే వాటి వెనుక దేవస్థానం ఉంది, దేవస్థానం వెనుక హుండీలో రూపాయో అర్ధో వేసి వెళ్ళిపోయిన లక్షలాది యాత్రికులున్నారు. వారిలో ఒక్కరి విగ్రహమూ కళాశాల ముందు లేదు. గిరింపేట మిత్రుల బాధకు ఇది కొంత ఊరట కావచ్చు. మా ఇంట్లో రెండు తరాలవారు ఆ చదువులతోనే స్థిరపడ్డారు కాబట్టి, ఆ పేరు తెలియని దాతలంటే నాకు ఎనలేని గౌరవం.

జవాబు: ఆడిటరు, చిత్తూరు

చరిత్ర పెద్దలు చెప్పారు, నేను కాగితాల సంగతి చెబుతాను. దాత గారు భారత పౌరులుగానే ఉంటే, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపిన సొమ్ము విదేశీ విరాళం కిందికి రాదు. అదే సొమ్మును కువైట్‌లోని కంపెనీ పేరు మీద పంపితే విదేశీ విరాళమే అవుతుంది. అమెరికా పౌరసత్వం తీసుకొన్న పూర్వ విద్యార్థులు ఇచ్చేదీ అంతే. దానికి 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద ముందుగా అనుమతి ఉండాలి, అటువంటి సొమ్ము ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. ఈ రెండు రకాల సొమ్మునూ ఎట్టి పరిస్థితుల్లోనూ ఒకే ఖాతాలో కలపకండి.

భవనానికి ఇచ్చే సొమ్మునూ, మూలనిధికి (అసలు ముట్టుకోకుండా వడ్డీ మాత్రమే వాడుకొనే నిధికి) ఇచ్చే సొమ్మునూ దాత గారు వేరువేరు ఉత్తరాలతో ఇవ్వాలి. ఇది మూలనిధి కోసం అని ఆయన రాతపూర్వకంగా చెప్పినప్పుడే దాన్ని ఆదాయంగా కాక మూలధనంగా చూపించగలం. ట్రస్టు డీడులో ధర్మకర్తలు ఎవరన్నది మనుషుల పేర్లతో మాత్రమే కాక పదవులతో కూడా రాయండి: ప్రధానోపాధ్యాయులు, సంఘం కార్యదర్శి, దాత కుటుంబం నుంచి ఒకరు, ఊళ్ళోని ఒక ఉపాధ్యాయిని, ఇలాగ. ఒకరు బదిలీ అయినా, కాలం చేసినా కుర్చీ ఖాళీగా ఉండదు. ప్రభుత్వ బడి ఆవరణలో కడితే ఆ కట్టడం ప్రభుత్వానిదే అవుతుంది కాబట్టి, పునాది తీయకముందే విద్యాశాఖతో నిర్వహణ ఒప్పందం రాసుకోవడం తప్పనిసరి.

పాకాల ఉపాధ్యాయుడు:

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. ఇక్కడ చదివినదంతా మా సంఘంలో చదివి వినిపించాను. పెద్దవారు కొందరు మొదట ఒప్పుకోలేదు. హాలు చిన్నదైతే ఊరికి ఏం గౌరవమని అడిగారు. అకాడమీ భవనం నలభై ఏళ్ళు తన అకాడమీ కోసం ఎదురుచూసిన సంగతి చెప్పాక చాలామంది ఆలోచనలో పడ్డారు. గిరింపేట వారి మాటను కూడా దాచకుండా చెప్పాను. ఊరికి ఏది ముందు కావాలో దాత ఒక్కరే తేల్చకూడదన్న మాట పట్టుకొని, బడి పిల్లల తల్లులు కొందరు, పదో తరగతి ఆడపిల్లలు చీకటి పడ్డాక బయట ఉండలేరు కాబట్టి హాలు పొద్దున్నే కూడా తెరవాలని అడిగారు. అంతవరకు మా కమిటీలో ఎవరికీ ఆ ఆలోచన రాలేదు.

ప్రస్తుతానికి ముసాయిదా ఇలా ఉంది. మొదటి ఏడాది కట్టడం ఏదీ ఉండదు. బడిలో ఖాళీగా ఉన్న గదిని సున్నం వేయించి, దీపాలు, బల్లలు ఏర్పాటు చేసి, ఊళ్ళోనే డిగ్రీ చదివి ఇంటి పట్టున ఉన్న ఒక అమ్మాయిని జీతం మీద గ్రంథపాలకురాలిగా పెట్టి, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు నడుపుతాం. దాత గారు ఇవ్వదలచిన మొత్తంలో సగానికి తగ్గకుండా మూలనిధిగా బ్యాంకులో ఉంటుంది. దాని వడ్డీలోంచే జీతం, కరెంటు బిల్లు, పత్రికల చందా, ఏటా కొత్త పుస్తకాలు. తాళంచెవి ఒకటి గ్రంథపాలకురాలి దగ్గర, రెండోది ప్రధానోపాధ్యాయుల దగ్గర ఉంటుంది, బదిలీ అయినప్పుడు పుస్తకాల పట్టికతో పాటు సంతకం తీసుకొని అప్పగించాలని నియమం. భవనం రెండో ఏట, విద్యాశాఖతో ఒప్పందం చేతికి వచ్చాకే. పేరు విషయంలో మెత్సోవో సంగతి దాత గారికి ఫోనులో చెప్పాను. గ్రంథాలయానికి ఊరి పేరే ఉంచమని, వాళ్ళ నాన్నగారి ఫొటో ఒకటి లోపల పెడితే చాలని ఆయనే అన్నారు.

ఆయన వచ్చే నెల సెలవు మీద వస్తున్నారు. ఆడిటరు గారూ, మూలనిధికి సంబంధించిన పేరాను రేపు ఇక్కడ పెడతాను. వడ్డీ రేటు తగ్గిన ఏడాది జీతానికి చాలకపోతే అసలు ముట్టుకోకుండా ఏం చేయాలన్న చోట నాకు దారి తోచడం లేదు. ఆ వాక్యం మీరు చూసి సరిచేయాలి.

ఆడిటరు, చిత్తూరు:

తప్పకుండా చూస్తాను మాస్టారూ. ఏటా వచ్చే వడ్డీలో పదో వంతు ఖర్చు చేయకుండా ఒక నిల్వ ఖాతాలో వేయాలని, కొరత వచ్చిన ఏడాది అందులోంచి మాత్రమే తీయాలని ఒక వాక్యం చేర్చండి. డీడుతో పాటు ధర్మకర్తల తీర్మానం నకలు కూడా పంపండి, రెండూ కలిపి చదువుతాను.